బల్ల మీద బ్యాటరీలు

అచావ్ రేవు పక్కన, కింద కొట్టు, పైన ఇల్లు.
చేప పొలుసుల్లా చెక్కముక్కలు తాపిన గోడలు,
వాటి మీద ఏడాదిలో పది నెలలు వాన.
చిలోయే దీవుల్లో కరెంటు
చుట్టపు చూపుగా వచ్చిపోయే రోజులవి.
ఉప్పు, తాడు, పిండి, కొవ్వొత్తులు,
అన్నిటికన్నా ముందు అయిపోయేవి బ్యాటరీలు.

మా పెద్దమ్మ ఎర్మిందా మీటరు ఎరగదు.
బ్యాటరీని నిలువుగా పట్టుకుని
బల్లకు బెత్తెడు ఎత్తు నుంచి వదిలేది.
ఠప్పున కూలబడితే బతికున్నట్టు.
టకటకా ఎగిరి పక్కకు దొర్లిందా,
'చచ్చినవి' అని రాసిన బిస్కెట్ల డబ్బాలోకి.
నిండుకుండ తొణకదు, నిండు బ్యాటరీ ఎగరదు.
ఆమె శాస్త్రం అంతే.

జాలర్లది ఇంకో దారి.
టార్చి ముఖం గోడకు ఆనించి
వెలుగు అంచు చూసేవాళ్ళు:
తెల్లగా ఉంటే వలల దాకా,
పసుపైతే దొడ్డి దాకా,
ఎర్రబడితే మంచం దాకా.

నాది నాలుక.
రెండు బొడిపెల చదరపు బ్యాటరీని
చివర అలా తాకించేదాన్ని.
ఒకసారి అది కొత్తది.
కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.
పెద్దమ్మ నవ్వలేదు.
"నాలుక అబద్ధాలాడ్డానికి, కొలవడానికి కాదు" అంది.

జులై. ఉత్తరపు గాలి.
బాల్దోమెరో పడవ రెండు రోజులుగా రాలేదు.
రాత్రి ఎనిమిదికి రేడియోలో కబుర్లు చదువుతారు,
ఫలానా వాళ్ళకు, ఫలానా వాళ్ళ నుంచి:
గురువారం రేవుకు ఎద్దుల బండి పంపండి,
ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం,
అప్పు సంగతి మరిచిపోలేదు.
దీవి నుంచి దీవికి ఉత్తరాలు
ఆ గొంతు మీదే నడిచేవి.

కరెంటు లేదు.
కొట్లో కొత్త బ్యాటరీ ఒక్కటీ లేదు,
వాటిని తేవాల్సింది ఆ పడవే.
బాల్దోమెరో పెళ్ళాం ఓతిలియా
బల్ల అవతల నిలబడింది,
తడిసిన శాలువా పిండుకోవడం కూడా మరిచి.
పెద్దమ్మ ఇంట్లో ఉన్నవన్నీ వదిలి చూసింది,
ఒక్కొక్కటే.
అన్నీ ఎగిరాయి.

నేను బిస్కెట్ల డబ్బా బోర్లించాను.
అందులోంచి నాలుగు ఏరి, ఉన్ని మేజోడులో వేసి,
పొయ్యికి మరీ దగ్గరగా కాకుండా పట్టుకున్నాను,
తర్వాత చంకలో.
"పీనుగులకు కాపడం" అంది పెద్దమ్మ.

ఎనిమిదికి రెండు నిమిషాలు.
మీట నొక్కితే ముందు ఊపిరి లాంటి చప్పుడు,
తర్వాత నీళ్ళ అడుగు నుంచి మాట్లాడుతున్నట్టు ఒక మనిషి.
ఎవరిదో బండి, ఎవరిదో బిడ్డ,
మూడు పేర్లు, నాలుగు పేర్లు, గొంతు సన్నబడుతోంది.
"ఓతిలియాకు. దాల్కావె రేవులో ఆగాను.
దుంపలు తడవలేదు. బాల్దోమె..."
అక్కడ ఆరిపోయింది.
"దుంపల సంగతి ఎవడడిగాడు!" అని తిట్టి
ఓతిలియా అప్పుడు శాలువా పిండింది,
మా నేల మీదే.

వసంతంలో బడికి కొత్తగా వచ్చిన ఇసాయాస్ మాస్టారు
రెండు తీగల మీటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.
బాగా ఎగిరిన దాన్ని కొలిచాడు:
ఒకటీ పాయింట్ మూడు.
"దీంట్లో ఇంకా సగం దాకా ఉందమ్మా" అన్నాడు.
లోపల జింకు ముద్ద మెత్తగా ఉన్నంతకాలం
పడిన దెబ్బను మింగేస్తుందట.
వాడేకొద్దీ గట్టిపడి
దెబ్బను తిరిగి విసురుతుందట.
సగం పని కాకముందే
ఎగరగలిగినంతా ఎగిరేస్తుందట.
ఆ తర్వాత సగం ఉన్నదీ, ఏమీ లేనిదీ
ఒకే ఎత్తు.

పెద్దమ్మ మాట్లాడలేదు.
ముప్ఫై ఏళ్ళుగా పారేసినవి
లెక్క వేస్తోందేమో,
లేక మాస్టారు అప్పు ఖాతా తిప్పుతోందేమో.
ఆయన వెళ్ళాక అదే బ్యాటరీని
బెత్తెడు ఎత్తు నుంచి మళ్ళీ వదిలింది.
ఎగిరింది.
దొర్లిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

మర్నాటికి డబ్బా మీద పాత కాగితం లేదు.
వంకర అక్షరాలతో కొత్తది:
గడియారాలకు.
దాని కింద ఇంకా చిన్నగా, పెన్సిలుతో:
తొందరైతే రేడియోకు కూడా.